ఇల్లు కడుతున్నాం కదా!

తిరుపతి క్రైస్తవులకు విగ్రహాల గురించి వేరే చెప్పాలా అని బయటి ఊళ్ల బంధువులు నవ్వుతుంటారు. తలెత్తితే కొండ, బస్సెక్కితే గోవింద నామాలు, పక్కింటివాళ్లు దర్శనానికి వెళ్లొస్తే మనింటికీ ఒక లడ్డు. తినొచ్చా తినకూడదా అన్న చర్చ మా సంఘంలో నా చిన్నప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, విగ్రహాలకు అర్పించినవి తినడం గురించి ఉన్న ఎనిమిదో అధ్యాయం, పదో అధ్యాయం తీసి చదువుతారు, చివరికి ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్లు నడుచుకుంటారు. ప్రేమగా తెచ్చిచ్చినవాళ్ల మనసు నొప్పించకుండా మాట్లాడటం మాత్రం అందరం నేర్చుకున్నాం.

నేను చెప్పబోయేది ఆ సంగతి కాదు. మేం ఇల్లు కట్టాం. నేను తప్ప నీకు వేరే దేవుడు ఉండకూడదని పదేపదే బైబిల్లో వినే ఆ మొదటి ఆజ్ఞ పక్కింటివాళ్ల గురించి కాక మా గురించే అని నాకు గట్టిగా తెలిసింది ఆ కట్టుబడి కాలంలోనే. అది ఎట్లా జరిగిందో, మేం ఏమేం చూసుకున్నామో రాస్తున్నాను. ఇల్లు మొదలుపెట్టబోయే మా చర్చి పిల్లలు కొందరు అడిగారు కాబట్టి కొంచెం వివరంగానే.

నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. మా ఆయన సెట్టిపల్లి దగ్గర రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో ఉద్యోగి. మా పుట్టింటివాళ్లు లూథరన్లు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు 1865 ప్రాంతంలో నాయుడుపేట వైపు పని మొదలుపెట్టి, తర్వాత కాళహస్తి, తిరుపతి దాకా సంఘాలు కట్టారు. మా ముత్తాతల నాటి నుంచి మాది ఆ సంఘమే. మా ఆయనది మదనపల్లె వైపు. వాళ్లది అమెరికన్ ఆర్కాట్ మిషన్ సంఘం, 1947 నుంచి సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. పెళ్లయిన కొత్తలో పది ఆజ్ఞలు అప్పజెప్పేటప్పుడు మా ఇద్దరికీ లెక్క కుదిరేది కాదు. వాళ్ల లెక్కలో వేరే దేవుడు ఉండకూడదన్నది మొదటి ఆజ్ఞ, విగ్రహం చేసుకోకూడదన్నది రెండోది. మా లెక్కలో ఆ రెండూ కలిసి ఒకటే ఆజ్ఞ. తగ్గిన ఒకటిని చివర్లో, పొరుగువాడివి ఆశించకూడదన్న ఆజ్ఞను రెండు చేసి సరిపెడతారు. ఏది సరైన లెక్క అని మేం ఇప్పటికీ తేల్చుకోలేదు గానీ, రాతి విగ్రహాన్నీ మనసులో విగ్రహాన్నీ విడివిడిగా చూడకుండా ఒకే ఆజ్ఞ కింద నేర్చుకోవడం నాకు మేలే చేసిందనిపిస్తుంది.

ఎందుకంటే మా లూథరన్ సంఘాలకు ఆ పేరు తెచ్చిన మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కేటకిజంలో, అంటే ప్రశ్నలూ జవాబులుగా ఉండే బోధ పుస్తకంలో, ఆ ఆజ్ఞకు ఇచ్చిన అర్థం ఒక్క వాక్యమే. మనం అన్నిటికంటే ఎక్కువగా దేవునికి భయపడాలి, ఆయన్ని ప్రేమించాలి, ఆయన్ని నమ్మాలి. సంఘంలో పూర్తి సభ్యులయ్యే ముందు పిల్లలకు చెప్పే కన్ఫర్మేషన్ క్లాసులో ఇది బట్టీపట్టని లూథరన్ పిల్లలుండరు. భయం, ప్రేమ, నమ్మకం. అప్పుడు పరీక్ష కోసం నేర్చుకున్న ఈ మూడు మాటలే ఇల్లు కట్టేటప్పుడు నాకు అక్కరకొచ్చాయి.

మొదట స్థలం. కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. కరకంబాడి రోడ్డు వైపు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉన్న లేఅవుట్‌లో ఒక ప్లాటు ఉందని బ్రోకర్ చూపించాడు. దక్షిణం ముఖం. అందుకని అంకణానికి (ఇక్కడ స్థలం కొలిచే లెక్క) కాస్త ధర తక్కువ. "మీకైతే ఆ పట్టింపులు ఉండవు కదా మేడం, అందుకే ముందు మీకే చెప్తా ఉండా" అన్నాడు. నిజమే, పట్టింపు లేదు, కొన్నాం. ఆ రోజు సాయంత్రం మా ఆయన, "చూశావా, వాస్తు లేకపోవడం వల్ల మనకు లాభం" అని మురిసిపోయారు. వాస్తు లేకపోవడం కూడా లాభం లెక్కలోకే వచ్చిందే అని నాకు నవ్వొచ్చింది.

అసలు వాస్తు ప్లాను గీయించేటప్పుడు వచ్చింది. మా అత్తమ్మ మాతోనే ఉంటారు, పలమనేరు మనిషి, మోకాళ్ల నొప్పులు. ఆమె గదికి ఆనుకునే బాత్రూం ఉండాలి, రాత్రిపూట నాలుగడుగులు కూడా నడవలేరు. మా ప్లాటు ఆకారంలో ఆ బాత్రూం సరిగ్గా ఈశాన్యం మూలకు వచ్చింది. ఇంజినీరు పెన్ను కింద పెట్టేశాడు. వంటిల్లు ఆగ్నేయంలో పెట్టినప్పుడు మేం ఏమీ అనలేదు, ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే కదా. ఈశాన్యంలో బాత్రూం మాత్రం కుదరదన్నాడు. మాకు ఆ నమ్మకం లేదని చెప్పాం. దానికి ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది: "మీరు నమ్మకపోతే పోయింది మేడం, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు నమ్ముతాడు కదా."

మా ఆయన ఆ మాటకు తగ్గారు. ఈశాన్యం దేవతలకు భయపడే మనిషి కాదు. కానీ ఎప్పుడో ఎవరో ఒకడు వచ్చి, తల అడ్డంగా ఊపి, ఐదు లక్షలు తగ్గించి అడుగుతాడేమోనన్న భయం పట్టుకుంది. నేను ఆ రాత్రి అడిగింది ఒకటే: "మనం వాస్తుకు లొంగకుండా, ధరకు లొంగితే తేడా ఏముంది?" కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ధనాపేక్షను నేరుగా విగ్రహారాధన అనే అన్నాడు. రాతి బొమ్మను కాదనేవాళ్లం మార్కెట్ రేటు ముందు ఎంత వినయంగా చేతులు కట్టుకుంటామో! ఒక పక్క అత్తమ్మ మోకాళ్లు, ఇంకో పక్క ఇంకా పుట్టని ఎవరో కొనుగోలుదారుడు. బాత్రూం ఈశాన్యంలోనే కట్టాం. ఇప్పుడు మా ఇల్లు అమ్మకానికి పెడితే ధర తగ్గుతుందన్నది నిజమే. అత్తమ్మ రాత్రిళ్లు ఎవరినీ లేపకుండా వెళ్లొస్తున్నారన్నదీ నిజమే.

మేస్త్రి మంచి పనివాడు, నోరూ మంచిదే. ప్లాను చూసి, "నా పేరు పోతాది సార్, ఈశాన్యంలో లెట్రిన్ కట్టిన మేస్త్రి అంటారు" అని గొణిగాడు గానీ కట్టాడు. అతనితో అసలు చర్చ వచ్చింది గుమ్మడికాయ దగ్గర. పునాదికి ముగ్గు పోసేరోజు, తర్వాత స్లాబు రోజు, గుమ్మడికాయ కొట్టకుండా పని మొదలుపెట్టడం అతని అనుభవంలో లేదు. మేం వద్దన్నాం. అతను కోపగించుకోలేదు. "మీ దేవుడు మీకు సరే సార్. మా పిల్లోళ్లు పైన పలకల మీద నిలబడి పని చేసేవాళ్లు. రేపు ఏమన్నా అయితే, ఆ ఒక్కటీ కొట్టలేదే అని ఉంటాది కదా" అన్నాడు.

మా ఆయన రైల్వే మనిషి, ప్రమాదం అన్న మాట వింటే ఊరుకోరు. మరునాడే పరంజాకు కొత్త కొయ్యలు, గట్టి తాళ్లు తెప్పించారు, ఎత్తులో పనిచేసేవాళ్లకు హెల్మెట్లు, నడుముకు కట్టుకునే బెల్టులు కొన్నారు. ద్వితీయోపదేశకాండం ఇరవై రెండో అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం నీ ఇంటి మీదికి వస్తుంది అని. బైబిల్లో నాకు కనబడిన వాస్తు ఇదొక్కటే అని మేస్త్రికి చెబితే అతనికి భలే నచ్చింది. "ఇది మంచి మాట మేడం, మా వాళ్లకు చెప్తా" అన్నాడు. పని మొదలయ్యే ముందు మేం ప్రార్థన చేసుకుంటే, తలకు చుట్టుకున్న తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకుని అతనూ నిలబడేవాడు.

స్లాబు వేసిన మరునాడు మిక్సర్ వెనకాల కోసిన నిమ్మకాయ, కుంకుమ కనిపించాయి. మా ఆయన అడగబోతే నేనే ఆపాను. పనిముట్లు అతనివి, నమ్మకం అతనిది. మా పేరు మీద మేం చేయలేదు, చేయించలేదు, అంతవరకే మా బాధ్యత. బయటివాళ్లకు తీర్పు తీర్చడం నాకెందుకు, లోపలివాళ్ల సంగతి చూసుకోండి అని పౌలు కొరింథువాళ్లతో అన్నాడు. ఆ మాటను మన క్రైస్తవులం తిరగేసి పాటిస్తామని నా అభిప్రాయం. ఎదుటివాళ్ల గుడి గురించి గంటసేపు మాట్లాడతాం, మన ఇంటి సంగతి వచ్చేసరికి ఆశీర్వాద ప్రార్థన చేసేసి లేస్తాం.

లోపలి సంగతి ద్వారబంధం ఎత్తిన రోజు బయటపడింది. టేకు ద్వారబంధం వచ్చింది. వడ్రంగి పసుపు, కుంకుమ, మామిడాకులు, గడప కింద వేయడానికి నవరత్నాల పొట్లం అడిగాడు. అవేవీ ఉండవని చెప్పి మా చర్చి పాస్టరు అయ్యగారిని పిలిపించాం. నూట ఇరవై ఏడో కీర్తన చదివారు, "యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే." ఇంకేం, ప్రార్థన చేసి ఎత్తడమే అనుకుంటుంటే మా అత్తమ్మ కొంగు చాటు నుంచి ఒక సీసా తీశారు. ప్రార్థన చేసిన నూనె. ఏ ఊరి సభలోదో చెప్పను గానీ సీసా మీద ఆ సభ నడిపిన దైవజనుడి ఫోటో ఉంది, ఆయన చెయ్యి మనవైపు చాచి ఉంది. ఆ నూనె నాలుగు మూలల్లోనూ, గడపకూ రాయాలన్నది ఆమె కోరిక. అందుకోసం దాన్ని పునాది నాటి నుంచీ చీర మడతల్లో దాచి ఉంచారట.

అయ్యగారు సీసా చేతిలోకి తీసుకుని మెల్లగా అడిగారు, "ఇది రాయకపోతే ఏమవుతుందని అమ్మా మీ భయం?"

"ఏం కాదులే అయ్యగారూ. రేపు ఏమన్నా అయితే, ఆ ఒక్కటీ రాయలేదే అని ఉంటాది కదా."

మా ఆయనా నేనూ ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. మేస్త్రి గుమ్మడికాయ గురించి అన్న మాటే, అక్షరం పొల్లు పోలేదు. మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు, అతనికీ వినిపించే ఉంటుంది, మర్యాదస్తుడు కాబట్టి తల దించుకుని పనిముట్లు సర్దుకుంటున్నాడు.

అయ్యగారు అక్కడే, ఇటుకల దొంతి మీద కూర్చుని, ఇత్తడి సర్పం కథ చెప్పారు. అది అందరికీ తెలిసిన కథే, సగం వరకు. అరణ్యంలో పాములు కరిచి జనం చస్తుంటే దేవుడే మోషేతో ఇత్తడి సర్పం చేయించి స్తంభం మీద పెట్టించాడు, దాన్ని చూసినవాళ్లు బతికారు. సంఖ్యాకాండం ఇరవై ఒకటి. రెండో సగం రాజుల రెండో గ్రంథం పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. వందల ఏళ్ల తర్వాత కూడా ఆ సర్పాన్ని జనం దాచుకుని, దానికి ధూపం వేస్తూ వచ్చారు. హిజ్కియా రాజయ్యాక దాన్ని పగలగొట్టించాడు. చేయించింది దేవుడు, చేసింది మోషే, దాని వల్ల మేలు జరిగింది నిజం, రేపు యేసు తనను తాను పోల్చుకోబోయేదీ దానితోనే. అయినా పగలగొట్టాల్సి వచ్చింది. "పరాయి దేవుళ్ల బొమ్మలను గుర్తుపట్టడం సులువమ్మా. మన దేవుడిచ్చిన వస్తువే ఆయన కుర్చీలో కూర్చుంటే గుర్తుపట్టడం కష్టం" అన్నారాయన.

ఆయన నూనె పారబోయలేదు. రోగులకు నూనె రాసి ప్రార్థన చేయమని యాకోబు పత్రికలో ఉంది కదా, మీ మోకాళ్లకు రాసుకోండి, నేను వచ్చినప్పుడల్లా ప్రార్థన చేస్తాను అన్నారు. అత్తమ్మ మొదట చిన్నబుచ్చుకున్నారు. తర్వాత రాసుకున్నారు. నొప్పి తగ్గిందా అంటే, రాసేటప్పుడు మనవరాలు పక్కన కూర్చుంటుంది కదా, అది బాగుంది అంటారు.

నూనె ఒక్కటే కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి మన వాగ్దానం అని తలా ఒకటి తీసుకునే బైబిల్ వాక్యాల కార్డులు చూడండి. దేవుని వాక్యమే, అందులో తప్పు లేదు. వచ్చిన వాక్యం నచ్చకపోతే మడిచి మళ్లీ లోపల వేసి ఇంకొకటి తీసేవాళ్లను నేను కళ్లారా చూశాను. దైవజనుల ఫోటోలతో క్యాలెండర్లు, ఫ్లెక్సీలు సరే సరి, యేసు ప్రభువు బొమ్మ మూలకు పోయి, మైకు పట్టుకున్న బొమ్మ నిలువెత్తు అవుతుంది.

ద్వారబంధం రోజు రాత్రి నేను ఇంటి లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలు తిప్పి మూడు గళ్లు గీశాను: భయం, ప్రేమ, నమ్మకం. ముందు పేజీల్లో సిమెంటు, కమ్మీ, ఇసుక, కూలి. వెనక పేజీల్లో ఇవి. ఏ వారం దేనికి ఎక్కువ భయపడ్డాను, ఖాళీ దొరికితే మనసు దేని మీదికి పోయింది, చిక్కు వచ్చినప్పుడు ముందు ఎవరిని, దేన్ని తలుచుకున్నాను. రాసేది ఒకటి రెండు మాటలే. దేవుని పేరు ఏ గడిలోనూ రాయకూడదని నియమం పెట్టుకున్నాను, రాయడం మొదలుపెడితే అన్ని గళ్లూ ఆయన పేరుతో నిండిపోతాయి, అదంతా సండే స్కూల్ జవాబు.

భయం గడిలో ఈఎంఐ, వాన, మా ఆయనకు ట్రాన్స్‌ఫర్. నమ్మకం గడిలో పీఎఫ్, చీటీ పాట, మా అన్నయ్య. ఇవన్నీ రాసి ఉంచితే అన్నీ విగ్రహాలేనేమోనని ఒక దశలో టెన్షన్ పట్టుకుంది. అట్లా అనుకోవడమూ సరి కాదు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు ప్రభువే అడిగాడు, లూకా పద్నాలుగులో. లెక్క వేసుకోవడం అవిశ్వాసం కాదు. చీటీ పాడటం పాపం కాదు. మరి తేడా ఎక్కడ? ప్రేమ గడి దగ్గర కొంచెం తెలిసింది. ఆ గడిలో వారాల తరబడి ఒకే మాట ఉంది, టైల్స్. పడుకునే ముందు ఫోన్‌లో టైల్స్ వీడియోలు, మాడ్యులర్ కిచెన్ వీడియోలు, ఒకటి చూస్తే పది చూపించే ఆ రీల్స్. వాక్యం చదివే సమయాన్ని ఎవరూ నా దగ్గర లాక్కోలేదు, నా వేలే పైకి జరుపుకుంటూ పోయింది.

దానికంటే పెద్దది మా పాప బయటపెట్టింది. ఇంటర్ చదువుతోంది. ఒకరోజు ఏదో అడిగితే నేను జవాబు చెప్పేలోపే, "తెలుసులేమ్మా, ఇల్లు కడుతున్నాం కదా!" అని నా గొంతు పెట్టి అంది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆ మాటను నోట్‌బుక్‌లో రాసి, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరి నోట ఆ మాట వచ్చినా పక్కన ఎందుకొచ్చిందో రాయడం మొదలుపెట్టాను. చీర కొనకపోవడానికి ఆ మాట, సరైనదే. పెళ్లికి పెద్ద కానుక పెట్టకపోవడానికి, అదీ సరే. స్త్రీల సమాజం కూడికకు వెళ్లకపోవడానికి కూడా అదే మాట. రుయా ఆసుపత్రిలో ఉన్న సంఘస్థురాలిని చూడటానికి వెళ్లకపోవడానికీ అదే. పలకరింపుకు సిమెంటు ఖర్చవుతుందా? కానుక కవరులో కొంచెం తగ్గించి వేద్దామా అన్నప్పుడు కూడా అదే మాట, ఈసారి మా ఆయన నోట.

దేని పేరు చెబితే ఇంట్లో ఇంకెవరూ ఎదురు మాట్లాడరో, దేవునికి కూడా దాని పేరు చెప్పే కాదంటామో, అదే ఆ ఇంట్లో సింహాసనం ఎక్కింది. విగ్రహాన్ని గుర్తుపట్టడానికి నాకు దొరికిన గుర్తు ఇదే. పుస్తకాల్లో ఇంకా మంచివి ఉండొచ్చు. బంగారు దూడను చేసినప్పుడు మోషే అన్న అహరోను కూడా, రేపు యెహోవాకు పండుగ అనే చాటించాడు. ఇంటి పేరు చెప్పి కాదనేటప్పుడు మేమూ, ఇది దేవుడిచ్చిన ఇల్లే కదా అనుకున్నాం.

తర్వాత చేసుకున్న ఏర్పాట్లు చెబుతాను. కానుక మొత్తం జీతం పడిన రోజే తీసి పక్కన పెట్టడం, దాన్ని ఇంటి లెక్కలో కలపకపోవడం. ఆదివారం పని ఆపడం. దీని మీద మేస్త్రితో గొడవ అయింది, సెంట్రింగ్ వాళ్లు, మిక్సరు ఆదివారమే దొరుకుతాయన్నాడు. ఆదివారం పని చేస్తే నరకమని మేం నమ్మం, రోజుల పట్టింపు ఎవరి మనసుకు వాళ్లదే అని చెప్పే రోమీయులకు పద్నాలుగో అధ్యాయం మాకూ తెలుసు. మా ఆయన వాళ్ల షాపు భాషలో చెప్పారు: రిపేరైన రైలు పెట్టెను బయటికి వదిలే ముందు బ్రేకు పరీక్షిస్తారు, ఎంత బాగా పరిగెత్తుతుందో అప్పుడెవరూ చూడరు, ఎక్కడ ఆగుతుందో చూస్తారు. ఆదివారం మాకు ఆ పరీక్ష. స్లాబు సోమవారానికి జరిగింది, సోమవారం చినుకులు పడ్డాయి, పట్టలు కప్పుకుంటూ వేశాం. ఆదివారం ఎండ కాసింది. దేవుడు వాన ఆపాడని సాక్ష్యం చెప్పే అవకాశం మాకు దొరకలేదు.

కూలి డబ్బులు మాత్రం చాలా పట్టింపుగా చూసుకున్నాం. యిర్మీయా ఇరవై రెండో అధ్యాయంలో, పొరుగువాడి చేత జీతం ఇవ్వకుండా పని చేయించుకుని మేడ కట్టుకునేవాడికి శ్రమ అని ఉంది. అది యెహోయాకీము రాజు గురించి చెప్పిన మాట, దేవదారు పలకలు, ఎర్ర రంగు, వెడల్పు కిటికీలు, చదివితే నేను చూసిన రీల్స్ గుర్తొచ్చాయి. మా లోను విడతలు విడతలుగా వస్తుంది, పునాదికి ఇంత, స్లాబుకు ఇంత. ఒక విడత ఆలస్యమైంది. శనివారం సాయంత్రం కూలోళ్లు సంచులు సర్దుకుని నిలబడి ఉన్నారు. నా గాజులు తాకట్టు పెట్టి ఇచ్చాం. అవి విడిపించుకున్నాం కూడా, కాబట్టి త్యాగం అనుకోకండి.

అసలు గట్టి పరీక్ష మా పెద్దమ్మ కూతురికి వేలూరు సీఎంసీలో ఆపరేషన్ వచ్చినప్పుడు. అక్క డబ్బు అడగలేదు, విషయం చెప్పి ఊరుకుంది. మా ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు. ఆ మాట మా ఇద్దరి నాలుక చివరా ఉంది. నోట్‌బుక్‌లో రాయాల్సి వస్తుందని ఎవరూ అనలేదు, అంతే. హాల్లో గ్రానైట్ వేద్దామనుకున్న డబ్బు వేలూరు వెళ్లింది. హాల్లో మామూలు టైల్స్ పడ్డాయి, కొద్దిగా జారుతాయి, అత్తమ్మ నడిచే దారిలో పట్టా పరిచాం. అక్క కోలుకుంటోంది.

ఇంటి పేరు దగ్గర చిన్న తగాదా. మా ఆయనకు "బేతేలు" అని నల్లరాయి మీద చెక్కించాలని కోరిక. యాకోబు రాయి తలకింద పెట్టుకుని పడుకున్న చోటు, దేవుని ఇల్లు. బాగానే ఉంది. కానీ రాజుల మొదటి గ్రంథం పన్నెండో అధ్యాయంలో యరొబాము రెండు బంగారు దూడలు చేయించి ఒకటి దానులో, ఇంకొకటి బేతేలులోనే పెట్టించాడు. దేవుడు కనబడిన చోటే దూడ కూర్చుంది. ఇది చెబితే మా ఆయన, "నువ్వు ఏ పేరు పెట్టనిస్తావు, బైబిల్లో దూడలు లేని ఊరు చెప్పు" అని విసుక్కున్నారు. చివరికి గేటు మీద డోర్ నంబరు, మా ఇద్దరి పేర్లు. లోపల హాల్లో అత్తమ్మ కోరిక మీద యెహోషువ మాట, "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." ఇది దాదాపు ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ ఉంటుంది. అదే అధ్యాయంలో కాస్త కిందికి, మీ మధ్య ఉన్న అన్య దేవతలను తొలగించండి అని ఆయన తన జనంతోనే అంటాడు. ఆ వచనం ఫ్రేము కట్టించినవాళ్లను నేను చూడలేదు.

గృహప్రతిష్ఠ సాదాగా జరిగింది. మేస్త్రి కుటుంబంతో వచ్చాడు, కూలీలంతా మొదటి పంక్తిలో కూర్చుని తిన్నారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాం.

ఇంకా తేలని సంగతి ఒకటుంది. పైన స్లాబు మీద పిల్లర్ కమ్మీలు పొడుచుకుని నిలబడి ఉన్నాయి, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి పెట్టారు. పై అంతస్తు వేసి అద్దెకిస్తే పాప చదువుకు అక్కరకొస్తుందని మా ఆయన అంటారు. నాకు భయం. అప్పు మీద అప్పు అని ఒక భయం, నోట్‌బుక్‌లో మళ్లీ అదే మాట మొదలవుతుందని ఇంకో భయం. ఆయన చెప్పేదాంట్లో న్యాయం లేదనీ చెప్పలేను. ఊళ్లో ఎక్కడ చూసినా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలతో కాలేజీల ఫ్లెక్సీలు, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కోచింగ్ ఫీజు వింటే కళ్లు తిరుగుతాయి. ఆ గొడవంతా పాప ఇంటర్ పూర్తయ్యాక చూద్దాం, అంతవరకు ఇంట్లో చుట్టాలు, కూడికలు, ప్రయాణాలు తగ్గించుకుందాం, దాని చదువు ముఖ్యం అన్నాను.

పాప పుస్తకంలోంచి తల ఎత్తి, "అయితే ఇకనుంచి అందరికీ నా పేరు చెప్పి కాదంటారన్నమాట" అంది.

ఆ రాత్రి అది నోట్‌బుక్‌లో రాశాను. భయం గడిలో వేయాలో ప్రేమ గడిలో వేయాలో తేలక రెండింటిలోనూ రాశాను. మా ఆయన చూసి, మూడో గడి ఎందుకు వదిలేశావని అడిగారు.